పరాయి దేశంలో గుమ్మం దాకా భోజనం రావాలంటే

పిల్లల దగ్గరికో, వ్యాపారం పనిమీదో, నాలుగు రోజులు తిరిగి చూద్దామనో విదేశం వెళ్ళే పాఠకులు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న సంగతి ఇది: అక్కడ భోజనం ఇంటికి తెప్పించుకోవడం ఎలా? ఆర్డరు చెడేది ఎక్కువగా మూడు చోట్ల. కార్డు, ఫోన్ నంబరు, అడ్రసు. మూడూ విమానం ఎక్కకముందే సరిచేసుకోగలిగినవే. విజయవాడ, గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఏడింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి పురుడు పోయడానికి డల్లాస్ వెళ్తున్నాం. అల్లుడు గారు పగలంతా ఆఫీసులో ఉంటారు. పథ్యం వంట నేను చేస్తాను గానీ, మా ఇద్దరికీ అప్పుడప్పుడూ బయటినుంచి తెప్పించుకోవాల్సి వస్తుంది. స్విగ్గీ, జొమాటో వాడటం వచ్చు. అక్కడ పనిచేస్తాయా? నా కార్డు చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఆ రెండూ డల్లాస్‌లో భోజనం తెచ్చివ్వవండీ. అక్కడ ఎక్కువమంది వాడేవి డోర్‌డ్యాష్, ఉబర్ ఈట్స్, గ్రబ్‌హబ్. మీకు ఉబర్ ఈట్స్ సులువు. మన దేశంలో దాని వ్యాపారాన్ని 2020 జనవరిలో జొమాటో కొనేసింది కాబట్టి ఇక్కడ కనపడదు. కానీ బెజవాడలో ఉబర్ కారు పిలవడానికి మీరు వాడే ఖాతాతోనే అక్కడ ఉబర్ ఈట్స్‌లోకీ వెళ్ళొచ్చు. యాప్ దొరక్కపోతే ఫోన్‌లోని బ్రౌజర్‌లో దాని సైటు తెరిచినా ఆర్డరు పెట్టొచ్చు.

ఇక కార్డు. దాన్ని చేతిలోకి తీసుకుని మూలన ఏ పేరుందో చూడండి. పొదుపు ఖాతాలకు చాలా బ్యాంకులు రూపే కార్డు ఇస్తాయి. మామూలు రూపే కార్డును నమ్ముకుని వెళ్ళకండి, వీసా గానీ మాస్టర్‌కార్డు గానీ ఉండాలి. అది ఉన్నా ఇంకో పని మిగిలే ఉంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో ఏటీఎంకూ దుకాణంలో స్వైపుకూ మాత్రమే పనిచేసేలా వస్తాయి. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డుల దగ్గరికి వెళ్తే ‘ఇంటర్నేషనల్’ అని వేరే భాగం ఉంటుంది. అందులో ఆన్‌లైన్ కొనుగోళ్ళు ఆన్ చేసి, రోజుకు పది పదిహేను వేల రూపాయల పరిమితి పెట్టుకోండి. పరిమితి తప్పకుండా పెట్టమనడానికి కారణం ఉంది. అమెరికా సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనక మూడంకెలు ఉంటే చాలు, డబ్బు వెళ్ళిపోతుంది. తిరిగొచ్చాక మళ్ళీ ఆఫ్ చేయడం మరిచిపోకండి.

ఓటీపీ అడిగిన చోట అది మీ ఇక్కడి నంబరుకే వస్తుంది. అందుకని ఈ సిమ్ తీసి బీరువాలో పెట్టి వెళ్ళొద్దు. బయలుదేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచండి. ‘డేటా రోమింగ్’ మాత్రం ఆఫ్‌లో పెట్టండి. నెట్ ఎలాగూ ఇంట్లో వైఫై ఇస్తుంది. ఓటీపీ మెయిలుకు కూడా వచ్చే ఏర్పాటు మీ బ్యాంకులో ఉంటే అదీ చేయించుకోండి. సిగ్నల్ అందని రోజు ఆదుకుంటుంది.

కార్డు వివరాలు నింపేటప్పుడు చాలామంది ఆగిపోయేది ‘జిప్ కోడ్’ గడి దగ్గర. అమెరికా జిప్ అయిదంకెలు, మన పిన్ ఆరంకెలు. అమ్మాయి ఇంటి జిప్ కొట్టేస్తే మీ బ్యాంకు రికార్డులో ఉన్న అడ్రసుతో కలవక కార్డు తిరస్కరించే అవకాశం ఉంది. ఆ గడి పైన దేశం పేరు ఉంటుంది. దాన్ని ఇండియాకు మార్చి, 520తో మొదలయ్యే మీ పిన్ వేయండి. ఒకసారి కాదంటే వెంటవెంటనే నాలుగైదుసార్లు నొక్కొద్దు. మోసమేమోనని బ్యాంకు కార్డునే ఆపేస్తుంది. మొదటి ఆర్డరు చిన్నది, అల్లుడు గారు ఇంట్లో ఉన్న రోజున పెట్టి చూడండి.

బిల్లు చూసి కంగారు పడకుండా లెక్క ముందే చెబుతాం. భోజనం 24 డాలర్లు అనుకోండి. యాప్ సర్వీసు ఫీజు 15 శాతం అయితే 3.60, డెలివరీ 3.99, అమ్మకం పన్ను సుమారు 2 (డల్లాస్‌లో 8.25 శాతం), టిప్పు 4. మొత్తం 37.59 అయింది. దానిపైన మన బ్యాంకు విదేశీ మారకపు రుసుము చాలా కార్డులకు 3.5 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం. అంటే ఇంకో డాలరున్నర. యాప్‌లో పెట్టే ధర హోటల్లో ధరకంటే ఎక్కువ ఉండటం కూడా మామూలే. అల్లుడు గారు వచ్చేదారిలో తెచ్చేట్టయితే ‘పికప్’ నొక్కండి. డెలివరీ ఫీజు, టిప్పు రెండూ మిగులుతాయి.

ఆ టిప్పు ఇక్కడిలా ఇష్టమైతే ఇచ్చేది కాదు. చాలా ఊళ్ళలో టిప్పు కలిపిన మొత్తమే డెలివరీ చేసే మనిషికి ముందుగా కనపడుతుంది. మరీ తక్కువుంటే ఎవరూ ఆ ఆర్డరు ఒప్పుకోక అన్నం హోటల్లోనే చల్లారిపోతుంది. పదిహేను నుంచి ఇరవై శాతం, చిన్న ఆర్డరుకైనా మూడు నాలుగు డాలర్లు పెట్టండి. వాళ్ళకు అది జీతంలో భాగం.

చివరగా, ‘లీవ్ ఎట్ డోర్’ అని ఉంటే గుమ్మం ముందు పెట్టి ఫొటో తీసి వెళ్ళిపోతారు, బెల్లు కూడా కొట్టకపోవచ్చు. డల్లాస్ ఎండలు మన రోహిణి కార్తెకు తీసిపోవు. ‘హ్యాండ్ ఇట్ టు మి’ (చేతికే ఇవ్వండి) పెట్టుకోండి. అపార్టుమెంటు నంబరు, గేటు కోడ్ అడ్రసు కింద గడిలో విడిగా రాయండి. వచ్చినతను నాలుగంకెల పిన్ అడిగితే అది యాప్ తెరమీద ఆర్డరు దగ్గర కనిపించే పిన్ మాత్రమే. బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ప్రశ్న: వేసవి సెలవుల్లో నలుగురం సింగపూర్ వెళ్తున్నాం. హోటల్ గదికి టిఫిను తెప్పించుకోవచ్చా? ఫోన్‌పే చెల్లుతుందా? అడ్రసు ఎలా రాయాలి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అక్కడ గ్రాబ్ యాప్ వేసుకోండి. ఆగ్నేయాసియాలో ఉబర్ 2018లో తన వ్యాపారాన్ని గ్రాబ్‌కు అప్పగించి వెళ్ళిపోయింది కాబట్టి ఉబర్ ఈట్స్ వెతక్కండి. మలేషియా, థాయిలాండ్, వియత్నాం, ఇండోనేషియాల్లోనూ ఇదే ఖాతా పనికొస్తుంది. గుంటూరులో ఉండగానే మీ 91 నంబరుతో నమోదు చేసుకుని, ఓటీపీ ఇక్కడే అందుకుని, కార్డు కూడా కలిపేయండి. చాంగీ విమానాశ్రయంలో పిల్లల్నీ సామాన్లనీ పట్టుకుని చేసే పని కాదది.

యూపీఐ సింగపూర్‌లో కొన్ని దుకాణాల దగ్గర క్యూఆర్ కోడుకు పనిచేస్తుంది గానీ, డెలివరీ యాప్‌కు దాన్ని నమ్ముకోవద్దు. కార్డే దిక్కు. డబ్బు కట్టేచోట ఎక్కడైనా ‘రూపాయల్లోనా, సింగపూర్ డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లే ఎంచుకోండి. రూపాయలు చూడ్డానికి ధైర్యంగా ఉంటుంది, కానీ ఆ మారకపు రేటును అవతలివాళ్ళు తమ లాభం కలుపుకుని వేస్తారు. టిప్పు అక్కర్లేదు.

అడ్రసు సంగతి. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని గుంటూరు ఆటో వాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. సింగపూర్‌లోనూ అలాంటి క్రమమే ఉంది. ఆరంకెల పోస్టల్ కోడ్ వీధికి కాదు, దాదాపు ఒక్కో భవనానికి ఒకటి. ఆ ఆరంకెలు కొడితే యాప్ నేరుగా భవనం మీదికి వెళ్తుంది. బంధువుల ఫ్లాటులో దిగితే బ్లాకు నంబరు తర్వాత యూనిట్ నంబరు కూడా ఇవ్వాలి: 08-123 అంటే ఎనిమిదో అంతస్తు, 123వ ఇల్లు. ఇది లేకపోతే డెలివరీ అతను కింద నిలబడి ఫోన్ చేయాల్సిందే. హోటల్లో అయితే చాలాచోట్ల పైకి రానివ్వరు, లాబీకి దిగి తీసుకోవాలి. ‘శివాలయం పక్క సందు’ లాంటి గుర్తులు అక్కడ ఎవరికీ పనికిరావు.

అన్నట్టు, పొద్దున్న టిఫినుకు ఆర్డరు పెట్టడం మాకు దండగ అనిపిస్తుంది. నలుగురికి ఇడ్లీ, దోసె గదికి వచ్చేసరికి దోసె మెత్తబడి, ఫీజులు దోసె ధరకు చేరతాయి. మెట్రోలో లిటిల్ ఇండియాలో దిగి సెరంగూన్ రోడ్డు మీద వేడిగా తినండి. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఆ రోడ్డులోనే ఉంది. పార్సిల్ కట్టించుకుంటే మెట్రోలో మాత్రం విప్పొద్దు. రైల్లో తిన్నా తాగినా 500 డాలర్ల దాకా జరిమానా.

ప్రశ్న: మిర్చి వ్యాపారం పనిమీద బ్యాంకాక్ వెళ్తుంటాను. శనివారం నీసు ముట్టను. పోయినసారి ‘వెజిటేరియన్’ అని రాసి ఉన్నదే తెప్పిస్తే చేపల వాసన వచ్చింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మనకు ఉప్పెలాగో థాయి వంటకు ‘నామ్ ప్లా’ అలాగ. చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం అది. కూరగాయలు మాత్రమే వేసిన వేపుడులోనూ ఒక చెంచా పడుతుంది, వండేవాళ్ళకు అది నీసు అనే ఆలోచనే రాదు. గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీ ముద్దల్లో సాధారణంగా రొయ్యల ముద్ద ఉంటుంది. పచ్చి బొప్పాయి సలాడ్‌లో, పాడ్ థాయ్ అనే నూడుల్స్ వేపుడులో ఎండు రొయ్యలు వేస్తారు. ‘ముక్కలు వేయకండి’ అని రాస్తే ముక్కలే తీసేస్తారు, రసం ఉండిపోతుంది.

మీరు వెతకాల్సిన మాట ‘జే’. చైనా నుంచి అక్కడికి చేరిన నిష్ఠ అది. మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మన శనివారం నియమానికి సరిగ్గా సరిపోతుంది. జే వంట చేసే హోటళ్ళు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ఆ మాట రాస్తాయి. థాయి లిపి రాకపోయినా పట్టేయొచ్చు, చూడ్డానికి 17 అంకెలా ఉంటుంది. యాప్‌లో హోటల్ ఫొటోలో ఆ గుర్తు ఉందేమో చూడండి. మామూలు హోటల్లో తెప్పించక తప్పనప్పుడు ‘మై సై నామ్ ప్లా’, అంటే నామ్ ప్లా వేయొద్దు అన్న మాటను థాయిలోకి అనువదించి నోట్‌గా పెట్టండి. ఇంగ్లీషు నోట్ వంటగదిలో ఎవరూ చదవకపోవచ్చు.

బ్యాంకాక్ అడ్రసులో సందును ‘సోయ్’ అంటారు. సుఖుంవిత్ రోడ్డుకు ఒకవైపు బేసి సోయ్‌లు, రెండోవైపు సరి సోయ్‌లు. 11కు ఎదురుగా 12 ఉంటుందనుకుంటే పొరపాటే, ఆ రెండు వరసలూ జతగా నడవవు. కాబట్టి మ్యాపు మీద పిన్నును హోటల్ గేటు దగ్గరికి వేలితో జరిపి పెట్టండి. కార్డు మొరాయిస్తే గ్రాబ్‌లో నగదు కూడా ఎంచుకోవచ్చు. చిల్లర భాత్‌లు దగ్గర ఉంచుకోండి. మీ నంబరు మనదేశానిది కాబట్టి డెలివరీ అతని ఫోన్ కలవకపోవచ్చు, కలిసినా రోమింగ్ ఛార్జీ పడుతుంది. పర్యాటకులకు అమ్మే చాలా ఈ-సిమ్‌లలో నెట్ తప్ప నంబరు ఉండదు. యాప్‌లోని చాట్ తెరిచి పెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో చదువుతున్నాడు. వేరేవాళ్ళ ఫ్లాటులో ఒక గదిలో అద్దెకు ఉన్నాడు. రెండుసార్లు డెలివరీ మనిషి ఇల్లు దొరకలేదని వెనక్కి వెళ్ళిపోయాడు. అడ్రసు సరిగ్గానే ఇచ్చాడు.
– ఒక తల్లి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అడ్రసు సరైనదేనమ్మా, తలుపు మీద పేరు వేరు. జర్మనీ అపార్టుమెంట్లలో చాలావాటికి ఫ్లాటు నంబర్లు ఉండవు. కింద గుమ్మం పక్కన బెల్లుల పలక ఉంటుంది, ఒక్కో బెల్లు పక్కన ఆ ఇంట్లో ఉండేవాళ్ళ ఇంటిపేరు చీటీ. డెలివరీ మనిషి ఆర్డరు మీద పేరు చూసి ఆ చీటీల్లో వెతుకుతాడు. మీ అబ్బాయి పేరు అక్కడ లేదు, ఫ్లాటు అసలు అద్దెదారు పేరుంది. డెలివరీ మనిషి వెతికి వెతికి వెళ్ళిపోయి ఉంటాడు.

డెలివరీ నోట్‌లో ‘క్లింగెల్’ అని రాసి, అంటే బెల్లు, పక్కన ఆ చీటీ మీద ఉన్న పేరును అక్షరం మారకుండా రాయమనండి. అంతస్తు కూడా: ‘3. ఓజీ’ అంటే నేలమీది ఇల్లు కాకుండా పైన మూడోది. లోపల పెరట్లో ఇంకో భవనం ఉంటే దాన్ని ‘హింటర్‌హౌస్’ అంటారు, అదీ రాయాలి. ఇంటి యజమాని ఒప్పుకుంటే బెల్లు దగ్గర తన పేరు కూడా అతికించుకోవడం ఇంకా మంచిది, ఉత్తరాలకూ అదే ఆధారం. అక్కడ ఆదివారం కిరాణా దుకాణాలు మూసేస్తారు, హోటళ్ళు ఉంటాయి. లీఫెరాండో, వోల్ట్, ఉబర్ ఈట్స్ యాప్‌లు అప్పుడు అక్కరకొస్తాయి. హోటల్ పెట్టిన కనీస మొత్తానికి తగ్గితే ఆర్డరు తీసుకోదు, ఇద్దరు స్నేహితులు కలిసి పెట్టుకోవాలి.

ప్రశ్న: మేం గుడ్డు కూడా తినం. జపాన్ టూరులో ఉబర్ ఈట్స్ మీద ఆధారపడొచ్చా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆధారపడొచ్చు, ఏం తెప్పించాలో తెలిస్తే. మన ప్యాకెట్ల మీద ఉండే పచ్చచుక్క అక్కడ లేదు. జపాన్ వంటకు పునాది ‘దాషి’ అనే చారు. ఎండబెట్టిన చేపను పలచటి పొరలుగా చెక్కి కాచినదాన్నే ఎక్కువగా వాడతారు. మిసో సూపు, నూడుల్స్ రసం, ఉడకబెట్టిన కూరగాయలు, టెంపురా (జపాన్ బజ్జీ) ముంచుకునే పులుసు, అన్నిట్లో సాధారణంగా అదే ఉంటుంది. పైకి కనపడేది వంకాయ, టోఫూ. కాబట్టి ‘వెజిటబుల్’ అన్న మాట చూసి నొక్కొద్దు, ‘వీగన్’ అని స్పష్టంగా రాసినదే తీసుకోండి. లేదా భారతీయ, నేపాలీ హోటళ్ళ పప్పు, చనా, అన్నం. నాన్ పిండిలో గుడ్డు ఉండొచ్చు, అన్నమే నయం. సెట్ భోజనంతో సూపు వస్తే వద్దనండి. టిప్పు అక్కర్లేదు. అడ్రసు కోసం హోటల్ బుకింగ్ కాగితంలో జపనీస్ లిపిలో ఉన్న దాన్ని కాపీ చేసి పెట్టండి.

ప్రశ్న: లండన్‌లో ఒక్క ఆర్డరుకు నా డెబిట్ కార్డు నుంచి రెండుసార్లు డబ్బు పోయింది. పైగా ఒక వస్తువు రానేలేదు.
– ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: రెండోది చాలావరకు ‘హోల్డ్’ అయి ఉంటుంది. ఆర్డరు పెట్టగానే యాప్ కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతుంది. టిప్పు మారినా, ఒక వస్తువు తీసేసినా అసలు బిల్లు ఇంకోటిగా పడి, మొదటిది కొన్ని రోజులకు వదిలేస్తారు. క్రెడిట్ కార్డులో అయితే పరిమితి తగ్గినట్టు కనపడి ఊరుకుంటుంది. డెబిట్ కార్డులో నిజంగా ఖాతాలో డబ్బు తగ్గిపోతుంది. అందుకే ప్రయాణంలో ఇలాంటి వాటికి క్రెడిట్ కార్డు మేలంటాం. స్టేట్‌మెంటులో రెండూ ఖాయమై పడితే బ్యాంకులో ‘డిస్ప్యూట్’, అంటే అభ్యంతరం, పెట్టండి.

రాని వస్తువుకు సంచి విప్పకముందే బిల్లు చీటీ, సంచి ఒకే ఫొటోలో పడేలా తీసి, విప్పాక ఇంకోటి తీసి, యాప్‌లో ఆ ఆర్డరు కింద ఉన్న ‘హెల్ప్’లో అదే రోజు పంపండి. హోటల్‌కు ఫోన్ చేస్తే యాప్‌కు చెప్పమంటారు. తిరిగొచ్చే డబ్బు పౌండ్లలో అంతే వచ్చినా రూపాయల్లో కాస్త తేడా ఉంటుంది, ఆ రోజు రేటు వేరు కదా. మారకపు రుసుము సాధారణంగా తిరిగి ఇవ్వరు. మీరు చేయని లావాదేవీ ఏదైనా కనపడితే మాత్రం దాని గురించి బ్యాంకు సందేశం అందిన మూడు పని దినాలలోపు బ్యాంకుకు తెలియజేయండి. రిజర్వు బ్యాంకు 2017 జులై ఆదేశాల ప్రకారం, మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని మోసంలో అప్పుడు మీమీద నష్టం పడదు.

ప్రశ్న: దుబాయ్ హోటల్లో రాత్రి తెప్పించిన బిర్యానీ సగం మిగులుతోంది. పొద్దున్న తినొచ్చా? అక్కడ పిన్ కోడ్ అడగలేదేమిటి?
– ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: దుబాయ్‌లో ఇళ్ళకు పోస్టల్ కోడ్ లేదు. భవనం గుమ్మం దగ్గర పలక మీద ‘మకాని’ అని పదంకెల నంబరు ఉంటుంది, నోట్‌లో అది రాస్తే తలుపు దాకా వస్తారు. తలాబాత్, కరీమ్ అక్కడ నడిచే యాప్‌లు.

బిర్యానీ వచ్చిన రెండు గంటల్లోపు గదిలోని ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్న తినొచ్చు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు వండినా చావవు, గది వేడిలో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. చాలా హోటల్ గదుల్లో ఉండేది పానీయాలు చల్లబరిచే చిన్న పెట్టె, తాళం చెవి కార్డు తీయగానే ఆగిపోయేది కూడా ఉంటుంది. రాత్రి ఒక గ్లాసు నీళ్ళు అందులో పెట్టి చూడండి, పొద్దుటికి చేతికి గట్టిగా చల్లదనం తగలకపోతే అన్నం అందులో దాచొద్దు. దాచినదాన్ని లోపలిదాకా పొగలు వచ్చేట్టు వేడిచేయాలి. మైక్రోవేవ్‌లో పెట్టేముందు సంచికి కొట్టిన స్టేపుల్ పిన్నూ, డబ్బా మీది అల్యూమినియం రేకూ తీసేయండి.